రిజిస్టర్‌లో దేవవ్వ పేరు

1958, ఆషాఢం. కరీంనగర్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో గుమస్తా అంబదాస్, పనివాళ్ల జాబితా రాసుకోవడానికి సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్ఖానాకు వచ్చాడు. బయట వాన. లోపల మగ్గాల హోరు.

కిటికీ పక్కన ఒకమ్మాయి తెగిన పోగు ముడేస్తోంది. అతను ఆమెను దాటి వెళ్లబోయాడు.

"సారూ, నన్ను రాసుకోకుంట పోతున్నరేంది?"

"నువ్వు నేత బడి స్టూడెంట్‌వంట గదా. పని నేర్చుకొమ్మని బడోళ్లే ఈడికి పంపిన్రంట. జీతం లేదన్నరు. లేబర్ కిందికి రావు."

"నేను స్టూడెంట్‌నని గీ మగ్గానికి ఎరుకనా? నాలుగు నెలల సంది ఒక్క ఐతారం ఇంటికాడ లేను. అడిగితే, నేర్చుకునేటోళ్లకు సెలవేంది అంటడు మేనేజర్."

తోటి అమ్మాయిలు కిసుక్కుమన్నారు. అంబదాస్ చెవులు ఎర్రబడ్డాయి.

"నీ పేరేంది?"

"రాయనోళ్లకు పేరెందుకు?"

"దేవవ్వ సారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

తిరుగు బస్సులో తడిసిన అద్దం నిండా దేవవ్వ కళ్లే. ఆఫీసుకు రాగానే ఫ్యాక్టరీల చట్టం తెరిచాడు. 'వర్కర్' అంటే ఎవరో చెప్పే చోట వేలు ఆగింది. జీతం ఉన్నా, లేకున్నా, పని చేసేవాళ్లే! మూడుసార్లు చదివి ఇన్‌స్పెక్టర్‌కు చూపించాడు.

"ఇన్నేండ్లు మనమే పట్టించుకోలే. నడువు, నేనూ వస్త" అన్నాడాయన.

ఇద్దరూ కార్ఖానాకు వచ్చి, బడి పిల్లల పేర్లూ రాయాలి, ఆదివారం సెలవివ్వాలి అనగానే మేనేజర్ దశరథం మండిపడ్డాడు. "గట్లయితే పిల్లలను బడికి వాపస్ పంపుత! సర్టిఫికెట్ ఎట్లొస్తదో చూస్త!"

అమ్మాయిల తలలు వాలిపోయాయి. దేవవ్వ మాత్రం లేచి నిలబడింది.

"పంపుండ్రి. గీ తొమ్మిది మగ్గాలు ఎవరు నడుపుతరు?"

ఆమె తన మగ్గం ఆపింది. పక్కమ్మాయి ఆపింది. ఒక్కొక్కటిగా తొమ్మిదీ ఆగాయి. రేకుల మీద వాన చప్పుడు అప్పుడు వినిపించింది అందరికీ. దశరథం ఆగిన మగ్గాలను చూసి, రిజిస్టర్ ముందుకు తోశాడు.

అంబదాస్ మొదట దేవవ్వ పేరే రాశాడు.

ఆ ఆదివారం దేవవ్వ తన తల్లి బాలవ్వతో మానేరు ఒడ్డుకు వచ్చింది. సన్నటి తుంపర. ఇసుకలో తడుస్తూ అంబదాస్ ఎదురొచ్చాడు.

"ఐతారం గూడ తనిఖీనా సారూ?"

"తనిఖీ గాదు."

"మరి నా పేరు చట్టం కోసం రాసిన్రా, నా కోసం రాసిన్రా?"

"చట్టం కోసమే రాసిన." ఊపిరి కూడదీసుకున్నాడు. "నీ కోసమైతే ఇయ్యాల వచ్చిన. మీ అవ్వను పిల్లనడుగుదామని."

బాలవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది. "నన్నేంది బిడ్డా, ముందు పిల్లను అడుగు."

అడిగాడు. దేవవ్వ పారే నీళ్ల వైపు తిరిగింది. తుంపర ఆమె రెప్పల మీద నిలిచింది.

"వచ్చే ఐతారం గూడ నాకు సెలవే" అంది మెల్లగా.