గాలిముల్లు

"ఉరుకమ్మా, ఆగకు! దమ్మొస్తే రానియ్యి, నేనిక్కడనే ఉన్న. ముల్లు ఎటు తిరుగుతదో సూడాలె!"

డాక్టర్ ఆశన్న గ్రౌండ్ మధ్యలో నిలబడి కేకలేస్తున్నాడు. ఆయన ఒక చేతిలో ఇన్‌హేలర్, రెండో చేతిలో చల్లారిపోయిన టీ. గ్రౌండ్ చుట్టూ నూకరత్నం పరుగెడుతోంది. ఆమె మణికట్టుకి గడియారంలాంటి పెట్టె ఒకటి కట్టి ఉంది. అందులో అంకెలు లేవు, ఒక ఎర్రటి ముల్లు మాత్రం ఉంది.

మూడో చుట్టుకి నూకరత్నం ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి. ముల్లు గిరగిరా తిరిగి, వణికి, పడమటి గోడవైపు నిలబడిపోయింది. గోడ పొడవునా నడుమెత్తు పెరిగిన కలుపు మొక్కలు, తెల్లటి చిన్నచిన్న పూలు.

"వయ్యారిభామ!" అన్నాడు ఆశన్న, పాత బాకీదారు కనపడ్డంత సంతోషంగా. "దొరికింది దొంగ. ముందు రెండు పఫ్‌లు పీల్చు, తర్వాత దాని సంగతి సూద్దాం."

నూకరత్నం ఇన్‌హేలర్ పీల్చి, మోకాళ్ల మీద చేతులాన్చి, ఆ మొక్కల వంక కోపంగా చూసింది. ఆమెకి కోపం వస్తే చాలా పనులు అవుతాయి.

మైలపిల్లి నూకరత్నం భీమిలి పక్కన, సముద్రపు ఒడ్డున పుట్టింది. ఇసుకలో కబడ్డీ ఆడుతూ పెరిగి జాతీయ జట్టు దాకా వెళ్లింది. ఆట ముగిశాక కోచ్ కావాలనుకుంది. నాలుగు చోట్ల కాదనిపించుకున్నాక, ఆదిలాబాద్ వైపు పిప్పల్‌బోరి అనే ఊళ్లో, ఆడపిల్లల గురుకులంలో ఆ ఉద్యోగం దొరికింది. బట్టలూ, బూట్లూ, అమ్మ కుట్టిచ్చిన బూరుగుదూది దిండూ సర్దుకుని జూన్‌లో వచ్చేసింది. ఇరవై ఏడేళ్లలో ఉప్పుగాలి ఆమె చేత ఒక్క తుమ్ము కూడా తుమ్మించలేదు. పిప్పల్‌బోరి గాలి నెల తిరక్కుండానే కళ్లు ఎర్రబరిచి, ముక్కు కార్పించి, రాత్రిళ్లు మంచం మీద కూర్చోబెట్టింది.

మరొకరైతే మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చేవారు. కబడ్డీలో అలా కుదరదు. రైడ్‌కి వెళ్లినవాళ్లు అవతలి కోర్టులో ఉన్నంతసేపూ ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడుతూనే ఉండాలి. కూత తెగితే ఔట్. పిల్లలకి నేర్పుదామని దిగిన మొదటి రైడ్‌లోనే నూకరత్నం కూత గీత దాటగానే తెగిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. కెప్టెన్ జంగుబాయి ఒక్కతే నవ్వలేదు, నీళ్లు తెచ్చిచ్చింది.

ప్రిన్సిపాల్ సులోచన చెడ్డ మనిషేమీ కాదు, ఓపిక లేని మనిషి. "డిసెంబర్‌లో జిల్లా జట్టుకి సెలక్షన్స్ ఉన్నాయమ్మా. అప్పటికి నీ కూత నిలబడకపోతే నేను వేరే కోచ్‌ని అడుక్కోవాలి. మీ ఊళ్లో నీకు బాగుంటుంది కదా, ఎందుకీ అవస్థ?" అంది.

"నానెక్కడికీ ఎల్నండి," అంది నూకరత్నం. "ఇక్కడి గాలి నన్ను ఒద్దంటే సరిపోద్దా ఏటి? నానొప్పుకోవద్దూ?"

ఆ మాట ఊళ్లో తిరిగి తిరిగి ఆశన్న చెవిన పడింది. ఆయన ఫిజిక్స్ డాక్టరు, యూనివర్సిటీ వదిలేసి సొంత ఊళ్లో పాత పత్తి జిన్నింగు గోదాములో ప్రయోగశాల పెట్టుకున్నాడు. అక్కడ తయారుచేసినదే గాలిముల్లు. దాని కిటుకు ఆయన నూకరత్నానికి ఇలా చెప్పాడు. ఊపిరిగొట్టాలు వాచినప్పుడు మన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. పెట్టెలోని సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. పక్కనే ఉన్న లేజర్, గాలిలో ఏ దిక్కు నుంచి ఏ రేణువులు వస్తున్నాయో లెక్కపెడుతుంది. ఈ రెంటినీ జతచేసి, మన ఊపిరికి గిట్టనిది ఏ దిక్కున ఉందో ముల్లు చూపిస్తుంది.

"అంటే శత్రువు ఎక్కడున్నాడో సెప్తాదన్నమాట," అంది నూకరత్నం.

"గంతే," అన్నాడు ఆశన్న. ఆ మాట దగ్గర ఆయన ఇంకాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇక కలుపుతీత మొదలైంది. పిల్లలు చేతులకి గ్లవ్స్, మూతులకి గుడ్డలు కట్టుకుని, పూలు రాలకుండా వయ్యారిభామని వేళ్లతో సహా పీకారు. ముల్లు ఎటు తిరిగితే అటు వెళ్లి గోడ అవతలా, కాలువ గట్టునా, బస్టాండు వెనకా పీకారు. నూకరత్నం ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పిన ఇన్‌హేలర్‌ని ఒక్క పూటా వదలకుండా వాడింది. రోజూ తెల్లవారగానే కూత సాధన చేసింది. తెగిన చోటు నుంచి ఇంకో రెండు మాటలు, మర్నాడు ఇంకో రెండు. దసరా వెళ్లేసరికి ఆమె రైడ్‌కి వెళ్లి, ఇద్దర్ని తాకి, కూత తెగకుండా తిరిగొచ్చింది. జంగుబాయి ఆమెని ఎత్తి తిప్పేసింది. నూకరత్నం ఆ రోజు ఎవరూ చూడకుండా ఏడ్చింది, అంత సంతోషం వేసింది.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? మాకూ ఒక ముల్లు కావాలన్నారు. ఆశన్న మంచి మనసుతో అడిగినవాళ్లందరికీ చేసిచ్చాడు. కిరాణా కొట్టాయన ముల్లు ఎదుటి పిండిమిల్లు వైపు తిరిగింది. పిండిమిల్లు ఆయన ముల్లు కిరాణా కొట్లోని మిరపకాయల బస్తాల వైపు తిరిగింది. ఒకే కంచంలో తిన్న ఇద్దరూ మాటలు మానేశారు. ఒక కొత్త అల్లుడి ముల్లు నేరుగా అత్తగారిని చూపించడంతో ఆవిడ ఆ సాయంత్రమే బస్సెక్కింది. దగ్గూ తుమ్మూ ఎరగనివాళ్లు కూడా ఎవరు ఎదురొచ్చినా ముందు మణికట్టు చూసుకోసాగారు.

సెలక్షన్స్‌కి పది రోజులుందనగా జంగుబాయి తలొంచుకుని వచ్చింది.

"మేడమ్, ఏమనుకోకుండ్రి. అందరి ముల్లు మీ దిక్కే సూపెడ్తుంది."

నూకరత్నం పిల్లల మణికట్లు చూసింది. నిజమే. జట్టులో ఉన్న ఏడు ముళ్లూ ఆమె గుండెకేసి నిలబడి ఉన్నాయి. ఆమె ఒక అడుగు పక్కకి వేసింది. ముళ్లూ పక్కకి జరిగాయి. నాలుగు నెలలు ఈ ఊరి గాలితో పోట్లాడి గెలిచిన మనిషికి, ఇప్పుడు ఈ ఊరి ఊపిరికే తను గిట్టనిదైపోయానా అనిపించింది.

మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రుల కమిటీకి కబురెళ్లింది. ఈ కోచ్‌ని ఉంచాలా వద్దా అని ఆదివారం మీటింగు. సులోచన ముఖం చాటేసింది.

నూకరత్నం నేరుగా గోదాముకి వెళ్లింది. ఆశన్న ఆమె ట్రాక్‌సూట్ మీద టేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు.

"బూరుగుదూది. నీ దిండుదే. మా దగ్గర అందరియీ పత్తి దిండ్లే కద, గిది ముల్లుకి కొత్తగ కనవడ్డది."

"దానివల్ల పిల్లలకేటైనా అవుతాదా?"

"ఏం గాదు. పిల్లలు మంచిగనే ఉన్నరు. గాని..." ఆశన్న గెడ్డం గోక్కున్నాడు. "వయ్యారిభామ ఉన్నన్ని రోజులు దాన్ని సూపెట్టింది. అది పోయింది. ఇగ ఉన్నదాంట్ల ఏది ఎక్కువుంటే దాన్నే సూపెడ్తది. అడుగున ఏం లేకున్నా గరిటె గోకినట్టు."

"అయితే ఆదివారం మీరు రావాల," అంది నూకరత్నం. "నాను కోర్టులోకి దిగుతాను."

ఆదివారం కమిటీవాళ్లు గ్రౌండ్ పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నూకరత్నం వాళ్లకి దండం పెట్టి, "మాటలొద్దండి. ఒక్క రైడ్ సూడండి, ఆ తర్వాత పొమ్మంటే పోతాను," అంది.

అవతల ఏడుగురు పిల్లలు చేతులు పట్టుకుని నిలబడ్డారు. నూకరత్నం గీత దాటింది. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." ఆమె కుడికి దూకితే ఏడు ఎర్రముళ్లు కుడికి తిరిగాయి. ఎడమకి మళ్లితే ఎడమకి తిరిగాయి. మూలనున్న పిల్లని తాకింది. జంగుబాయి నడుం పట్టుకుని వేలాడింది, ఇంకో ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. కూత సన్నబడింది గానీ తెగలేదు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలికొసతో మధ్యగీత ముట్టుకుని, అప్పుడు ఊపిరి తీసుకుంది. ఆ గాలి ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

"ఈళ్లు నా మీద పడి దొర్లారు," అంది లేచి నిలబడి. "నాను గిట్టనిదాన్నయితే ఎవరికైనా దగ్గు రావాల కదండీ. ఎవరికొచ్చింది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ దగ్గలేదు.

"మరి ముల్లు అబద్ధమాడుతుందా?" అన్నాడు ఒక తండ్రి.

"ఉండండి, స్నానం సేసొస్తాను," అని నూకరత్నం వెళ్లి, తలస్నానం చేసి, ఉతికి ఆరేసిన వేరే బట్టలు కట్టుకుని వచ్చింది. ముళ్లు కాసేపు తికమకపడ్డాయి. ఒకటి తర్వాత ఒకటి తిరిగాయి. ఏడూ కలిసి, ముందు వరసలో మల్లెపూల వాసన పౌడరు దట్టంగా అద్దుకుని కూర్చున్న ప్రిన్సిపాల్ సులోచన మీద నిలబడ్డాయి.

పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. కమిటీవాళ్లు ఆకాశం చూశారు.

"ఈ ముల్లుకి బుద్ధి లేదు," అంది సులోచన, మొహం కందిపోయి.

"తప్పు నాదే మేడం," అన్నాడు ఆశన్న. "గిదానికి సూపెట్టుడు నేర్పిన గాని, ఊకె ఉండుడు నేర్పలే."

మీటింగు అంతటితో ముగిసింది. నూకరత్నం ఉద్యోగం నిలబడింది. సెలక్షన్స్‌లో జంగుబాయితో సహా ముగ్గురు జిల్లా జట్టుకి ఎంపికయ్యారు.

ఆశన్న చలికాలమంతా కూర్చుని గాలిముల్లుని సరిచేశాడు. ఊపిరి బాగున్నప్పుడు ముల్లు కిందికి దిగి పచ్చచుక్క మీద కదలకుండా కూర్చుంటుంది. పాతవి వెనక్కి తీసుకుని అందరికీ కొత్తవి ఇచ్చాడు. వాటిలో నూకరత్నం ముల్లుకి మాత్రమే పని ఉండేది. పత్తి సీజన్‌లో జిన్నింగు మిల్లు వైపు నిక్కచ్చిగా తిరిగేది. ఆమె ఆ రోజుల్లో మాస్కు కట్టుకుని, ఇన్‌హేలర్ పీల్చి, పిల్లల్ని లోపలి హాల్లో ఆడించేది. ఊరు ఆమె ఊపిరికి పూర్తిగా లొంగలేదు, ఆమె ఊరు విడిచి పోనూ లేదు.

కొత్తవి ఇచ్చిన వారం తిరక్కుండా గోదాము ముందు జనం బారులు తీరారు. కిరాణా ఆయన, పిండిమిల్లు ఆయన, కొత్త అల్లుడు, అందరి చేతుల్లోనూ కొత్త ముళ్లే. అందరిదీ ఒకటే ఫిర్యాదు. బారులో అందరికన్నా ముందు సులోచన నిలబడి, పెట్టెని వేలితో టకటకా కొట్టి చూపించింది.

"డాక్టర్ గారూ, ఇది పాడైపోయింది. కదలడం లేదు. నా పాతది నాకిచ్చేయండి."

"మీకు దగ్గుందా మేడం?"

"లేదు."

"ఆయాసం?"

"అబ్బే, నాకేం? నిక్షేపంలా ఉన్నాను."

"మరింకేందమ్మా?"

గ్రౌండ్ వైపు నుంచి నూకరత్నం కూత వినపడుతోంది, తెగకుండా. సులోచన అటు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అదేనండీ, నాకేమీ లేదు. కానీ రేపు ఏదైనా వస్తే, ఎవరి వల్ల వచ్చిందో తెలియొద్దూ?"