చింతమడకలో ఏడ్చిన పిల్ల

నల్లా కింద బిందె నిండింది. నిండిన తర్వాత కూడా యాదలక్ష్మి అక్కడే నిలబడి ఉంది. నీళ్లు బిందె అంచు దాటి, ఆమె పాదాల మీదుగా మోరీలోకి పోతున్నాయి.

"బిందె నిండింది గదనే, బంద్ చెయ్యి" అంది వంటింట్లోంచి సులోచన.

యాదలక్ష్మి నల్లా కట్టేసింది.

"ఏం సోంచాయిస్తున్నవే పొద్దుపొద్దుగాల?"

"ఏం లేదమ్మా."

ఆ మాట నిజమే. ఆమె ఏమీ ఆలోచించడం లేదు. కూతురు ఏదో దాస్తోందని సులోచన అనుకుంటుంది. దాచేందుకు లోపల ఏమైనా ఉంటే బాగుండునని యాదలక్ష్మికి అప్పుడప్పుడు అనిపించేది.

అంతలో వీధి తలుపు తోసుకుని నాగేశం వచ్చాడు. సిద్దిపేట బజారులో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మామూలుగా ఈ వేళకు దుకాణం తాళాలు పట్టుకుని బయలుదేరుతుంటాడు. ఆ రోజు ఎస్టీడీ బూతు నుంచి దాదాపు ఉరుకుతూ వచ్చాడు.

"సులోచనా, జర ఇల్లు సర్దు. హైదరాబాదు నుంచి వస్తున్నరు. కొత్త ఛానెల్‌ల సీరియల్ తీస్తున్నరట. మన బంగారి కోసం వస్తున్నరే, మన బంగారి కోసం!"

"అత్తమ్మ పోయి నెల గూడ కాలే. గిప్పుడేం సీరియల్?"

"మా అమ్మ ఉంటే నాకంటె ముందుగాల ఆమెనే సంబురపడుతుండె." నాగేశం కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవ్ బిడ్డా? మళ్ల టీవీల కనవడుతవ్."

"సరే బాపు" అంది యాదలక్ష్మి, బిందె చంకనెత్తుకుంటూ.

ఆ సరే వినగానే సులోచనకు ఒళ్లు మండింది. ఇంటర్‌లో ఏ గ్రూపు అంటే సరే అంది. టైపు నేర్చుకో అంటే సరే అంది. పచ్చ చీర తెచ్చినా, నీలం చీర తెచ్చినా సరే. పదిహేడేళ్ల పిల్ల ఒక్కసారైనా నాకిది కావాలి, ఇది వద్దు అనలేదు.

బంగారి ఆమె పేరు కాదు. పదేళ్ల కిందట టీవీలో వేసిన పాత్ర పేరు. ఆ ఎండాకాలం చింతమడక పొలాల్లో ఒక సీరియల్ షూటింగ్ జరుగుతోందని తెలిసి, నాగేశం ఏడేళ్ల కూతుర్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని చూడ్డానికి పోయాడు. హైదరాబాదు నుంచి తెచ్చిన పాపకు ఎండదెబ్బ తగిలింది. డైరెక్టరు జనంలో కలియజూసి, పెద్ద కళ్ల ఈ పిల్లను పిలిచాడు. చనిపోయిన తల్లిని లేపుతూ ఏడ్చే సీను. ఒక్కసారికే ఓకే అయింది.

ఆ సీను టీవీలో వచ్చిన సాయంత్రం, టీవీ ఉన్న ఇళ్లన్నీ జనంతో కిక్కిరిశాయి. మర్నాడు బజారులో ఆడవాళ్లు నాగేశాన్ని ఆపి మరీ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మరో రెండు సీరియళ్లలో అవకాశం వచ్చింది. స్కూలు వార్షికోత్సవాలకు, వినాయకుడి మండపాలకు పిలిచి, "బంగారీ, ఒక్కసారి ఏడ్చి చూపియ్యి" అనేవారు. ఎత్తుకుని స్టేజీ మీద నిలబెట్టేవాడు నాగేశం. మొదట్లో ఏడ్చేది. కొన్నాళ్లకు కళ్లు ఆరిపోయాయి. మూడో సీరియల్లో కళ్లల్లో గ్లిజరిన్ వేసినా, "నీళ్లొస్తున్నాయి గానీ మొహంలో ఏమీ లేదు" అన్నాడట డైరెక్టరు. పొడుగైంది. పిలుపులు ఆగిపోయాయి. దుకాణంలో గల్లా వెనుక వేలాడుతున్న బంగారి ఫోటోను మాత్రం నాగేశం ప్రతి శుక్రవారం తుడుస్తూనే ఉన్నాడు. ఆయన కుర్రతనంలో భాగవతాలాడేవాళ్ల వెంట తిరిగి తండ్రి చేత దెబ్బలు తిన్నవాడు. తనకు దక్కని స్టేజీ కూతురికి దక్కిందని మురిసిపోయాడు. అది చేజారిందన్న బాధ ఆయనకున్నంతగా యాదలక్ష్మికి లేదు.

పోయిన నెల నాగేశం తల్లి బాలవ్వ కన్నుమూసింది. యాదలక్ష్మి నాయనమ్మ పక్కన పడుకుని పెరిగిన పిల్ల. శవం పక్కన గోడకానుకుని కూర్చుందే తప్ప చుక్క కన్నీరు రాల్చలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. "టీవీల గంతగనం ఏడ్చింది, పెంచిన ముసల్దాని కోసం ఏడుపు రాలే సూడు" అన్న మాట సులోచన చెవిన పడింది. ఆమె తలదించుకుంది. నిజానికి ఆమెకూ ఆ కోపం ఉంది. టీవీలో వేసిన నాటి నుంచీ ఆ పిల్ల మనసు రాయి అయిపోయిందని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

మధ్యాహ్నం కాకముందే కారు వచ్చి ఆగింది. డైరెక్టరు రామచందర్, భుజాన వీడియో కెమెరాతో మరో మనిషి దిగారు. రామచందర్ నెమ్మదైన మనిషి. చాప మీదే కూర్చుంటానన్నాడు.

"ఆ సీను నేనూ చూశానండీ. కాలేజీ రోజుల్లో, మా హాస్టల్లో. ఎవరం మాట్లాడుకోలేదు ఆ రాత్రి" అన్నాడు. "ఆ పాపే పెద్దదై మళ్లీ కనిపిస్తే జనం వదలరు. ఇందులో పెద్దకూతురి వేషం. ఒక చిన్న సీను చేసి చూద్దాం. తల్లి పోయిందని కబురొస్తుంది. అంతే."

నాగేశం చేతులు నలుపుకుంటూ నవ్వాడు. "గది మా బిడ్డకు కొట్టిన పిండి సార్."

కిటికీ వెలుతురు మొహం మీద పడేలా యాదలక్ష్మిని కూర్చోబెట్టారు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. ఇచ్చిన నాలుగు మాటలూ ఆమె తప్పు లేకుండా చెప్పింది. గొంతు స్పష్టంగా ఉంది. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ అలాగే చెప్పింది.

"తొందరేం లేదమ్మా. కొంచెం సేపు కళ్లు మూసుకో. అమ్మను తలుచుకో" అన్నాడు రామచందర్.

యాదలక్ష్మి కళ్లు మూసుకుంది. సులోచన చాయ కప్పుల పళ్లెంతో వచ్చి గడప దగ్గర ఆగింది. నాగేశం లేచి, చప్పుడు కాకుండా కూతురి వెనక్కి వెళ్లి, ఆమె చెవి దగ్గరకు వంగాడు.

చెవికి ఊపిరి తగలగానే యాదలక్ష్మి ఒక్క ఉదుటున లేచింది. వీపు గోడకు కొట్టుకుంది.

"వద్దు బాపు! మళ్ల అమ్మను సంపకు!"

రామచందర్ చెయ్యి ఊపాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

"ఏందే? ఏమన్నవ్?" అంది సులోచన.

రామచందర్ నాగేశాన్ని చూశాడు, తర్వాత గోడకానుకుని నిలబడ్డ అమ్మాయిని చూశాడు. మెల్లగా లేచి, "యాదలక్ష్మీ, నీకీ పని చేయాలని ఉందా అమ్మా?" అని అడిగాడు.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "నన్నెవ్వరు అడగలే సార్" అంది. తర్వాత అంది, "లేదు సార్."

"మంచిది" అన్నాడతను. చాయ తాగి, సులోచనకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

కారు సందు దాటాక నాగేశం భగ్గుమన్నాడు. "ఇంటి దాంక వచ్చిన లక్ష్మిని ఎల్లగొడితివి గదనే! నీ చెవుల నేనేం చెప్పబోయిన్నో ఎరుకనా? ముసలవ్వను యాది చేసుకొమ్మని చెప్దామనుకున్న. గంతే!"

"అప్పుడేం చెప్పినవ్?" అంది సులోచన. చాయ పళ్లెం ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. "ముందుగాల అది చెప్పు. చింతమడకల దాని చెవుల ఏం చెప్పినవ్?"

యాదలక్ష్మే చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"నాకు ఏడుపు రాలేదమ్మా. అందరు బతిమాలిండ్రు. బాపు వచ్చి, ఇంటికాడి నుంచి మనిషి వచ్చిండు, మీ అమ్మను లారీ గుద్దింది, సచ్చిపోయింది అన్నడు. ఏడ్సిన."

పళ్లెం ఒరిగింది. ఒక కప్పు కింద పడి పగిలింది.

"పొద్దు గుంకుతుండెనే!" అన్నాడు నాగేశం. "అందరు నా దిక్కే చూస్తుండ్రు. ఎలుగు పోతున్నదని డైరెక్టరు తొందర పెడుతుండె. నాకు తోచింది అన్న. అబద్ధమని ఎంబడే చెప్పిన గద!"

"ఎంబడే కాదు బాపు. అందరు సప్పట్లు కొట్టినంక చెప్పినవ్."

సులోచన అక్కడే కూలబడింది. వాళ్లు షూటింగ్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. స్కూటరు చప్పుడు విని వాకిట్లోకి ఉరికింది. రెండు చేతులూ చాపింది. పిల్ల తనను చూసి కెవ్వుమని అరిచి, నాయనమ్మ చీర కుచ్చిళ్ల వెనక్కి పోయి నక్కింది. ఆ రోజు నుంచి తన పక్కన పడుకోలేదు. తన చేత అన్నం కలిపించుకోలేదు.

"టీవీల ఏసినంక నీకు కొమ్ములొచ్చినయనుకున్న" అంది సులోచన. "అమ్మ అక్కర లేకుండ పోయిందనుకున్న. నీ మీద కోపం పెట్టుకున్ననే, పదేండ్లు."

"నాకు భయమయ్యేదమ్మా. ఒకసారి పోయినవ్. దగ్గరికొస్తే మళ్ల పోతవనిపిచ్చేది."

నాగేశానికి ఏం చేయాలో తోచలేదు. తోచకపోవడం కోపమైంది. "అబద్ధానికి అంత ఏడ్సినదానివి, మా అమ్మ నిజంగ సస్తే ఎందుకేడ్వలేదే? నిన్ను గుండెల మీద పెంచిన మనిషికి ఒక్క చుక్క రాలకపాయె!"

"బాపూ, ఆ రోజు గూడ అందరు నా దిక్కే చూసిండ్రు. ఇగ బంగారి ఏడుస్తదని చూసిండ్రు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "నాకేమో గిది గూడ అబద్ధమే అనిపిచ్చింది. నేను ఏడ్సినంక ఎవరో వచ్చి, 'లేదు బిడ్డా, ఉత్తగనే అన్నం' అంటరని చూసిన. పాడె లేపేదాంక చూసిన. ఎవ్వరు చెప్పలే."

నాగేశం గోడ పట్టుకున్నాడు. మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఆయన ఏడుపు మొదట దగ్గులా వినిపించింది. తల్లి పోయిన రోజున వచ్చే పోయేవాళ్లను చూసుకుంటూ తిరిగాడే గానీ ఇలా ఏడవలేదు. ఇప్పుడు ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

"ఏడ్వకపోతే ఏడ్వదు, ఇంటికి పోదాం పా అని చెప్పాల్సి ఉండె నేను" అన్నాడు చాలాసేపటికి. "ఇంకో పిల్లను ఎతుక్కుందురు. గంతే అయితుండె."

యాదలక్ష్మి తండ్రి ఏడుపును చూస్తూ నిలబడింది. జాలి వేయాలని ఆమెకు తెలుసు. వస్తుందేమోనని చూసింది. రాలేదు. లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "తాగు బాపు" అంది. ఆయన రెండు చేతులతో చెంబును పట్టుకున్నాడు.

ఆ రోజు దుకాణం తెరవలేదు. ఎవరో వచ్చి తలుపు తట్టి, "బంగారి సీరియల్ సంగతి ఏమాయె?" అని అడిగితే, నాగేశం గడపలోనే నిలబడి, "లేదు, మా పిల్లకు ఇష్టం లేదు" అని పంపించేశాడు.

సాయంత్రం సులోచన పెరట్లో అరుగు మీద కూర్చుంది. యాదలక్ష్మి వచ్చి, కాస్త దూరంగా కూర్చుంది.

"అమ్మా, ఒకటి అడుగుతా. కోపానికి రావొద్దు."

"అడుగు."

"రేపటి రోజు నువ్వు నిజంగ పోతే, నాకు అప్పుడు గూడ ఏడుపు రాకుంటే ఎట్లమ్మా?"

ఇన్నాళ్లూ రాయి అనుకున్న పిల్ల లోపల ఇంత భయాన్ని పెట్టుకుని తిరుగుతోందా? సులోచన ఏడవలేదు. ఇప్పుడు తను ఏడిస్తే కూతురు దూరంగా కూర్చుని చూస్తూ ఉంటుందని ఆమెకు అర్థమైంది.

"రాకుంటే రాకపాయె" అంది. "ఏడ్వాలని ఎవలన్నరు? నేను బతికున్నన్ని రోజులు నా పక్కన కూసో బిడ్డా. నాకు గది సాలు. నేను పోయిన నాడు నువ్వు ఏడ్సినవా లేదా అని సూడ నేనుంటనా?"

యాదలక్ష్మి ఆ మాటను రెండుమూడుసార్లు లోలోపల అనుకుని చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు రాలేదు. మెల్లగా దగ్గరకు జరిగి, తల తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది. పదిహేడేళ్ల పొడుగైన పిల్ల, కాళ్లు అరుగు దాటి కిందికి వేలాడుతున్నాయి. సులోచనకు చెయ్యి ఎక్కడ వేయాలో ఒక క్షణం తెలియలేదు. తర్వాత కూతురి నుదుటి మీద వేసింది.

గోడవతల పిల్లలు ఆడుకుంటున్న అరుపులు. ఇంట్లో నాగేశం పగిలిన కప్పు పెంకులు ఏరుతున్న చప్పుడు. యాదలక్ష్మికి సంతోషమని గానీ దుఃఖమని గానీ చెప్పుకోదగ్గదేమీ తెలియలేదు. తల్లి చెయ్యి వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది. మణికట్టు దగ్గర నరం కొట్టుకుంటోంది. ఆమె కళ్లు మూసుకుని దాన్నే వింటూ పడుకుంది.

పొయ్యి మీద పప్పు పెట్టిన సంగతి గుర్తొచ్చి సులోచన కదిలింది.

"అమ్మా" అంది యాదలక్ష్మి కళ్లు తెరవకుండానే. "చెయ్యి తియ్యకు."

సులోచన తియ్యలేదు. "ఓ అయ్యా, పప్పు జర చూడు" అని లోపలున్న నాగేశానికి కేకేసి, అలాగే కూర్చుంది.