ఎర్రగీత ఉన్న బోల్టు

"ఫ్రిజ్జులో గోళ్ళరంగు దాచుకునేవాళ్ళు ఈ భూమ్మీద మనమేనమ్మా!"

పాలప్యాకెట్టు కోసం ఫ్రిజ్జు తెరిచిన చిన్నది, తలుపు అరలో గుడ్ల పక్కన ఒరిగి ఉన్న సీసాను రెండు వేళ్ళతో పైకెత్తింది. లోపల ఎర్రరంగు, అది కలవడానికి వేసే ఇనుపగుండుతో సహా, గడ్డకట్టి అడుగున అంటుకుపోయింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. చెత్తబుట్టలో పడేసింది.

ఆమె స్టవ్వు దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చి, కూరగాయల తొక్కల మధ్యనుంచి సీసా తీసి కొంగుతో తుడిచింది.

"ఎవర్నడిగి పడేశావే?"

"రాయిలా ఉందమ్మా. దాంతో గోళ్ళకి వేసుకుంటావా, గోడకి మేకు కొడతావా?"

"నా సీసా, నా ఇష్టం."

"ఎండిపోయినదాన్ని ఎన్నాళ్ళు దాస్తావు?"

టేబుల్ దగ్గర కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఎండిపోయినవన్నీ బుట్టలో వేసేట్టయితే ముందు నన్ను వెయ్యండి, బుట్ట కాస్త పెద్దది చూసుకోండి. ఈలోపల నా టీ సంగతి కూడా..."

ఆ మాట పూర్తి కాలేదు. పెరటి అవతల షెడ్డులో ఇంజన్ తిరిగింది. అందుకునే ముందు రెండు దెబ్బలు విడివిడిగా వినిపించాయి. టక్. టక్.

వంటగదిలో ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె చెయ్యి దానంతటదే కిటికీ గడియ మీదికి వెళ్ళింది. రెక్క తెరిచింది. కిటికీ అవతల ఎవరూ లేరు. పలచటి పొగ ఒకటి పెరట్లోంచి పైకి పోతోంది.

"చూశావా? అదీ ఇంతే. ఎండిపోయినా వదలరు," అంది చిన్నది, అమ్మ ముఖం చూడకుండా.

షెడ్డులో ఉన్నది రేసు కారు. దాని ఇంజన్ ఆమె కొడుకు పెద్దాడు ఒక్కడే మొదట్నుంచి చివరిదాకా బిగించాడు. వీధి వీధంతా 'మేస్త్రి' అని పిలిచే తండ్రి, ఆ వారమంతా చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడే తప్ప పానా ముట్టుకోలేదు. దానితోనే పెద్దాడు చివరి పందెంలో పరిగెత్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "లోపల ఏదో కొడుతోంది నాన్నా, రేపు విప్పి చూస్తా," అన్నాడు. ఆ రేపు తెల్లారి, కావలసిన సామాను తెస్తానని మోటారుసైకిలు మీద వెళ్ళాడు. రోడ్డు తడిగా ఉంది. ఎదురుగా లారీ వచ్చింది. ఇంటికి వాడి హెల్మెట్టు వచ్చింది.

వాడు బతికున్నప్పుడు, టీ కావలసివస్తే కేక వేసేవాడు కాదు. నూనె చేతులతో లోపలికి రాకుండా, పెరట్లోంచే పానాతో వంటింటి కిటికీ మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆమె రెక్క తీసి గ్లాసు అందించేది. ఇప్పుడు ఆ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, నూనె పైకెక్కేలోపు, అచ్చం అలాగే కొడుతుంది. మేస్త్రి రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి స్టార్ట్ చేస్తాడు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ పెద్దమనిషికి అదొక ఊరట కాబోలు, పోనీలే అనుకునేది. తనకి మాత్రం అది వినిపించేదాకా ఏ పనీ తోచదని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు టీ గ్లాసులు కడుగుతుంటే చిన్నది పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, ఈసారి పందేలకి నా పేరిచ్చాను. ఆ కారులోనే నడుపుతాను. కానీ ఆ ఇంజన్‌తో కాదు. పల్టీ కొట్టిన ఒక కారుది మంచి ఇంజన్ దొరికింది. దాన్ని ఎక్కించేస్తాను."

"మీ నాన్న ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోడు. విప్పి బాగుచేస్తానంటాడు. అనడమే! మొదట వానలన్నాడు. తర్వాత బేరింగులు రాలేదన్నాడు. అవి వచ్చి అలమరలో కట్టు విప్పకుండా కూర్చున్నాయి. ఇప్పుడు నడుంనొప్పి అంటున్నాడు. నిన్న అదే నడుంతో ఎవరిదో గేరుబాక్సు ఒక్కడే మోశాడు."

"వాడు బిగించిందే... తీసి పక్కన పెడతావా?"

అనగానే ఆ మాట ఎంత పదునుగా వచ్చిందో ఆమెకే తెలిసింది. చిన్నది చెప్పులు వేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి అటునుంచి కేకలు వినపడ్డాయి. "వెళ్ళి చూడు అమ్మాయ్, తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే ఇక్కడ నా చెవులు నొప్పెడుతున్నాయి," అన్నారు అత్తగారు. ఆమె టీ ఫ్లాస్కు తీసుకుని పెరడు దాటింది. షెడ్డు తలుపు ఓరగా వేసి ఉంది. లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది.

కారు బానెట్టు తీసి పక్కన పెట్టి ఉంది. చిన్నది తండ్రి చేతిలో పానా కుక్కుతోంది.

"విప్పుతానన్నావుగా! విప్పు. నేను చూస్తుండగా ఒక్క బోల్టు విప్పు, మళ్ళీ వేరే ఇంజన్ మాట ఎత్తను."

మేస్త్రి వంగాడు. పానా బోల్టు తలమీద ఆనింది. ఆయన చెయ్యి బిగుసుకుంది. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. పానా జారి కింద నేలమీద మోగింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బోల్టు సరిగ్గా బిగించాక, బిగించినవాళ్ళు దాని తలమీంచి పక్కనున్న ఇనుము మీదికి రంగుతో సన్నటి గీత గీస్తారు. బోల్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. మేస్త్రిది తెల్లరంగు, చిన్నదానిది పసుపు, పెద్దాడిది ఎరుపు. ఒకప్పుడు ఈయన బిగించాడనుకుని వాడూ, వాడు బిగించాడనుకుని ఈయనా వదిలేస్తే ఒక కారు చక్రం ఊడిపోయి, కారుకంటే ముందు పందెం ముగింపు గీత దాటేసింది. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రి మాత్రం ఆ రోజే చట్టం పెట్టాడు. ఎవరి రంగున్న బోల్టు వాళ్ళని అడక్కుండా ఇంకెవరూ కదపకూడదు. పెద్దాడు నిద్రపోతున్నా సరే, మేస్త్రి వాణ్ణి లేపి "విప్పనా?" అని అడిగేవాడు.

ఇంజన్ నిండా ఎర్రగీతలు. ఒక్కటి కూడా విరగలేదు.

"ఎవర్నడగనే?" అన్నాడు మేస్త్రి. "రోజూ పానా పట్టుకుంటాను. ఎవర్నడిగి విప్పనూ?"

చిన్నది కిందపడ్డ పానా తీసి కారు అంచున పెట్టింది. "అందుకేగా నాన్నా నేను చెప్పేది! దీన్ని ఇలాగే దించి, గుడ్డ కప్పి దాచేద్దాం. అన్నయ్య గీతలు అన్నయ్యవే, ఎవరూ చెరపొద్దు. వేరే ఇంజన్‌తో నేను పరిగెత్తుతాను. నువ్వు దీన్ని రోజూ తిప్పి తిప్పి చంపుతున్నావు. బేరింగు పోయింది, ఇంకొన్నాళ్ళకి అది పట్టుకునే క్రాంకు ఇరుసు కూడా పోతుంది. అప్పుడు బాగుచేద్దామన్నా మిగలదు. నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు తిప్పుతావు?"

మేస్త్రి మాసిన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, చేతులకి ఏమీ అంటకపోయినా.

"ఆ చప్పుడు వినగానే మీ అమ్మ కిటికీ తీస్తుంది. ఒకరోజు నేను తిప్పలేదు. ఆరోజు మధ్యాహ్నందాకా కిటికీ మూసే ఉంది. వచ్చి చూస్తే ఆ గడియ మీద చెయ్యేసుకుని అలాగే నిలబడి ఉంది మనిషి."

తలుపు అవతల ఆమె ఫ్లాస్కు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన కోసమని తనూ, తన కోసమని ఆయనా, ఒకరికొకరు చెప్పుకోకుండా పొద్దుటే లేచి ఇన్నాళ్ళూ చేస్తున్న పని ఇదా! కన్నబిడ్డ చివరిసారి చేతులారా బిగించినదాన్ని, వాడి చప్పుడు వినాలన్న ఆశతో, ఇద్దరూ కలిసి అరగదీస్తున్నారు.

ఆమె లోపలికి వెళ్ళలేదు. వచ్చినదారినే ఇంట్లోకి వచ్చి ఫ్లాస్కు బల్లమీద పెట్టింది. చిన్నదాని అద్దం ముందు వెతికి, గోళ్ళరంగు తుడిచే మందు తెచ్చింది. ఎర్రసీసా మూత తిరగలేదు. తలుపు సందులో పెట్టి తిప్పి, కాసిని చుక్కలు లోపల పోసి, మూత బిగించి కిటికీ గూట్లో ఎండకి నిలబెట్టింది.

"ఏంటమ్మాయ్ అది?" అన్నారు అత్తగారు.

"నానాలి అత్తయ్యా. కాస్త టైము పడుతుంది."

సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. తండ్రీకూతుళ్ళు చెరో వైపు చూస్తూ తింటున్నారు. కూరగిన్నె అందుకోవడానికి కూడా ఒకరినొకరు అడగడం లేదు, అత్తగారి ద్వారా జరుపుకుంటున్నారు. "నేనేమన్నా మీ ఇద్దరికీ పోస్టుమాన్‌నా?" అని ఆవిడ విసుక్కున్నా ఎవరూ నవ్వలేదు.

ఆమె లేచి వెళ్ళి గూట్లోంచి సీసా తెచ్చి, గిన్నెల మధ్యలో పెట్టింది.

"ఇది ఎవరిది?"

చిన్నది తలెత్తింది. "అన్నయ్యది."

"కాదు, నాది. మీ అత్త పెళ్ళికని నేను కొనుక్కున్నాను. ఒక్కసారి వేసుకున్నానో లేదో, మర్నాటికల్లా షెడ్డులో తేలింది. వాడు నన్ను అడగను కూడా అడగలేదు." ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ఎవరి రంగున్న బోల్టు వాళ్ళనడిగే విప్పాలి. ఆ చట్టం మీరు పెట్టిందే కదా?"

మేస్త్రి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఆ రంగు నాది. వాణ్ణి అడగలేకపోతే, నన్నడగండి."

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మేస్త్రి ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"విప్పనా?"

"విప్పండి. రేపు పొద్దున్న స్టార్ట్ చెయ్యొద్దు. విప్పండి."

"మరి... కిటికీ?"

"నేను తీస్తాను. మీకు టీ ఇవ్వొద్దూ?" నవ్వాలనుకుంది, కుదరలేదు. కళ్ళనీళ్ళు కంచం అంచు మీద పడ్డాయి. వాటిని తుడుచుకోకుండానే కూతురితో అంది, "వాడు రేపు విప్పుతానన్నాడు. ఆ రేపు ఇంకా రానేలేదు ఈ ఇంట్లో. లోపల క్రాంకు నిజంగా పాడైపోయుంటే నువ్వన్న ఇంజనే ఎక్కించుకో, నేను ఒక్క మాట అనను. కానీ పనికొచ్చేదుంటే, దాంతోనే నువ్వు పరిగెత్తాలి. గుడ్డ కప్పి పెట్టేంత పాతది కాదు వాడి పని."

"సరేనమ్మా," అంది చిన్నది. ఎడమచేత్తో ముఖం తుడుచుకుంది. కాసేపాగి, చిన్నపిల్లలా అడిగింది, "మళ్ళీ బిగించాక గీత ఎవరు గియ్యాలి?"

"బిగించినవాళ్ళే."

"ఏ రంగుతో?"

ఆమె సీసాని కూతురి వైపు జరిపింది. చిన్నది దాన్ని తీసుకుని, పొద్దున చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గడ్డ కరిగి, అడుగున అంటుకుపోయిన ఇనుపగుండు ఊడి, గాజుకు తగిలింది.

టక్. టక్.

నలుగురూ విన్నారు. ఆమె కిటికీ వైపు చూసింది. లేవలేదు. కూరగిన్నె అందుకుని, భర్త కంచంలో ఇంకొంచెం వడ్డించింది.