పదకొండు గంటల కంపైల్

పుష్పలత తొమ్మిది గంటలుగా కాచుకున్న పనిని నేను ఒక్క క్షణంలో పాడుచేశాను. మా పరిచయం అలా మొదలైంది.

తప్పు పూర్తిగా నాది కాదు. మా కోటేషన్న చుట్టాల పెళ్లికి వెళుతూ, పినపాకలోని తన జెరాక్స్ షాపు రెండు రోజులు చూసుకోమని మా ఊరు కారేపల్లి నుంచి నన్ను పిలిపించాడు. మూలన అరచేతిలో పట్టే పచ్చటి కంప్యూటర్ బోర్డు ఒకటి ఛార్జర్‌కు తగిలించి ఉందని మాత్రం చెప్పలేదు. సాయంత్రం నా ఫోన్ చచ్చిపోతుంటే ఆ వైరు పీకి నాది పెట్టుకున్నాను.

ఐదు నిమిషాలకు ఆమె వచ్చింది. బోర్డు వైపు, నా ఫోన్ వైపు, చివరికి నా వైపు చూసింది. ఆ మూడో చూపు తప్పించుకోవడానికి జెరాక్స్ మిషన్ మూత ఊరికే తెరిచి మూశాను.

"ఎవరు పీకిన్రు?"

"నేనే. ఛార్జింగ్ లేకుంటే..."

"పొద్దుగాల ఎనిమిదింటి నుంచి కంపైల్ అయితున్నది. ఇంకో రెండు గంటలైతే అయిపోతుండె."

అరవలేదు. అరిచినా బాగుండేది.

తర్వాత సంగతి తెలిసింది. పుష్పలత వాళ్ల ఊరి దారిలో వాగు మీద చప్టా ఉంది. ఎక్కడో గుట్టల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు మీదికొస్తాయి. పోయినేడు ఆమె చిన్నాన్న దూలయ్య బండితో సహా కొట్టుకుపోయి, చెట్టు పట్టుకుని బతికాడు. అందుకే వాగు పైభాగాన ఈ బోర్డు బిగించి, నీళ్లు పెరగగానే చప్టా దగ్గర సైరన్ మోగేలా ఆమె ప్రోగ్రామ్ రాసింది. రాసిన భాష పేరు నేనెప్పుడూ వినలేదు. ప్రపంచం మొత్తంలో దాన్ని వాడేవాళ్లు ఒక పెళ్లి పందిరికి కూడా సరిపోరట. కానీ చిన్న సోలార్ ప్లేటు మీద నెలల తరబడి నడవాలంటే అదే నయమట. ఈ చవక బోర్డుకు అది రెడీమేడ్‌గా దొరకదు, ఆ భాషను బోర్డుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ను దీని మీదే కట్టుకోవాలి, దాన్నే కంపైల్ అంటారట. ఊళ్లో కరెంటు నిలవదని ఈ షాపులో పెట్టుకుంది. వానలు నాలుగు రోజుల్లో వస్తాయంటున్నారు.

మర్నాడు ఎనిమిదింటికి మళ్లీ మొదలుపెట్టింది. కాపలా ఉంటానన్నాను. ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని నాకు కాపలా కూర్చుంది.

బోర్డుకు తగిలించిన షాపు కంప్యూటర్ స్క్రీన్ మీద అక్షరాలు ఆగకుండా పారుతున్నాయి. ఏమవుతోందని అడిగాను. ముందు ఒక చిన్న కంపైలర్ తయారవుతుందని, అది తనకంటే పెద్దదాన్ని కడుతుందని, ఆ పెద్దది మళ్లీ తననే మొదటి నుంచి కట్టుకుంటుందని చెప్పింది.

"తనను తనే పుట్టిచ్చుకుంటదా?"

"అవ్. మొదట పుట్టింది, తర్వాత పుట్టింది పొల్లు పోకుండ ఒక్కతీరుగ ఉండాలె. గట్లుంటెనే నమ్ముతం."

ఆ చిన్న ముక్క ఇంత పని చేస్తోందా అనుకున్నాను. దాన్ని ఈ అడవి అంచుకు తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని అటుకులు తింటోంది. ఎటు చూడాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి బోర్డు బాగా వేడెక్కి పని నెమ్మదించింది. సంతకొచ్చిన ఆమె నాయనమ్మ జంపక్క దాన్ని ముట్టుకుని, పిల్లకు జ్వరమొచ్చిందేమోనన్నట్టు చూసి, నీళ్లకుండ మీది మట్టిమూత మీద పెట్టించింది. పని మళ్లీ వేగమందుకుంది.

ఏడింటికి అక్షరాలు ఆగాయి. పుష్పలత మొదట పుట్టినదాన్నీ, తర్వాత పుట్టినదాన్నీ పోల్చింది. తేడా సున్నా. ఆమెకు చెప్పాలనుకున్న మాట వదిలేసి, నేను షట్టర్ దించడానికి లేచాను.

మూడో రోజు ఫోన్ చేసి, బోర్డు బిగించామని చెప్పింది. అప్పుడూ చెప్పలేకపోయాను. వారం తర్వాత ధైర్యం తెచ్చుకుని బండి మీద వాళ్ల ఊరికి బయలుదేరాను. ఎండ కాస్తోంది. చప్టా మీద పాదం మునిగేంత నీళ్లు కూడా లేవు.

ముందు చక్రం దిగబోతుండగా సైరన్ మోగింది. అది నిజంగా మోగడం అదే మొదటిసారట.

ఈ కాసిని నీళ్లే కదా, దాటేద్దామనిపించింది. కానీ ఆ సున్నాను నా కళ్లతో చూశాను. బండి వెనక్కి తీశాను. పావుగంటలో వాగు చెట్లను మోసుకొచ్చి చప్టాను మింగేసింది. చేతులెత్తి మొక్కాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

అవతలి ఒడ్డుకు ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు ఆమె. నా ఫోన్ మోగింది.

"నువ్వు ఇటెందుకొచ్చినవ్?" మొదటిసారి నువ్వు అంది.

"నీ కోసమే. నువ్వంటే నాకిష్టం. కంపైల్ అయిన నాడే చెప్పాల్సింది."

అవతల ఆమె తల వంచుకోవడం కనిపించింది.

"పదకొండు గంటలు కదలకుండ కూసున్నప్పుడే నాకు తెల్సింది."

తర్వాత ఫోన్ చేతులు మారింది. జంపక్క గొంతు.

"బిడ్డా, రేపటికి వాగు తగ్గుతది. అప్పుడు రా. మీ అమ్మను గూడ తోల్కరా."