పొద్దుగూకితే నేరం

ఆర్డెల్లా పరిగెడుతోంది!

చంకలో పసిపాప. కాళ్ళకింద అలబామా ఎర్రమట్టి. ఎదురుగా… పొద్దు.

పత్తిచేల మీదికి జారిపోతోంది.

'ఆగు… కాస్త ఆగు!' సూర్యుణ్ణి బతిమాలుకుంటోంది.

పొద్దుగూకాక పత్తి అమ్మితే నేరం. నల్లవాళ్ళని పట్టడానికే చేసిన చట్టం. పట్టుబడితే ఖైదీని చేసి బొగ్గుగనికి అమ్మేస్తారు. పోయినేడు ఆమె తమ్ముడు ఏమ్జీ అలాగే పోయాడు.

తిరిగి రాలేదు!

ఇవాళ మొగుడు జీక్ పత్తిబండి తోలుకుని జిన్నింగ్ మిల్లుకి పోయాడు. ఇందాక షెరీఫ్ ఇంట్లో వంటచేసే టెంపీ పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"గనికి మనుషులు కావాలంటమ్మా! డిప్యూటీ టాల్బర్ట్ సంకెళ్ళు పట్టుకుని మిల్లుకాడికే పోయాడు. నీ మొగుణ్ణి కాపాడుకోవే!"

అంతే. అప్పటినుంచీ పరుగు.

అదిగో మిల్లు!

బండ్లన్నీ వెళ్ళిపోయాయి. ఒక్క జీక్ బండే మిగిలింది. తెల్లవాడి బండి ఎప్పుడొచ్చినా ముందుకి వదలాలి. అది ఆ ఊరి ఆనవాయితీ. పొద్దుటినుంచీ జీక్ టోపీ తీసి, నవ్వుతూ అందరికీ దారి ఇస్తూనే ఉన్నాడు.

పిచ్చి మారాజు!

కాటా దగ్గర మిల్లు ఓనరు హాస్క్యూ ఇప్పుడు తీరిగ్గా పిలుస్తున్నాడు.

"రారా జీక్! ఎక్కించు."

జీక్ మొదటి బస్తా భుజానికెత్తాడు.

చెట్ల వెనక సూర్యుడి ఎర్రంచు… ఆరిపోయింది!

"దించయ్యా! దించు దాన్ని!" ఆర్డెల్లా కేక.

జీక్ ఉలిక్కిపడతాడు. "మతి పోయిందేంటే? పొద్దుటినుంచీ నిలబడితే ఇప్పటికి పిలిచాడు!"

"పొద్దు గూకింది! అటు చూడు!"

చూస్తాడు. బస్తా మళ్ళీ బండిలో పడుతుంది.

గోడ చాటునుంచి లాంతరు. ఆ వెనకే నడుముకి తుపాకితో టాల్బర్ట్.

"అబ్బ! నోటికాడ కూడు చెడగొట్టావు కదే, పిల్లా!"

"మేం అమ్మలేదు దొరా. ఇంటికి పోతాం."

"పోండి. ఎవరొద్దన్నారు?" టాల్బర్ట్ నవ్వుతాడు. "చీకట్లో పత్తిబండి రోడ్డెక్కితే మాత్రం అది దొంగ పత్తే!"

"తెల్లారిందాకా ఇక్కడే పడుంటాం దొరా" జీక్ చేతులు కట్టుకుంటాడు.

"ఇది నా స్థలంరోయ్" అంటాడు హాస్క్యూ.

అమ్మితే నేరం. తీసుకెళ్తే నేరం. ఉంటే నేరం!

ఆర్డెల్లా కళ్ళు టాల్బర్ట్ చేతిలోని లాంతరు మీద పడ్డాయి. ఆ బండిలో ఏడాది కూడు ఉంది. పాపకి చలికాలం బట్టలున్నాయి.

కూడు మళ్ళీ పండుతుంది. మొగుడు?

"గాడిదని విప్పేయ్!" అంటూనే లాంతరు లాక్కుంటుంది. బండిలోకి విసిరేస్తుంది!

భగ్గుమంది!

జీక్ కంచరగాడిదని విప్పి తోలేశాడు. పత్తి అంతా మంటే!

"ఇప్పుడు చెప్పు దొరా! పత్తే లేదు. నేరమేదీ?"

మంట సెగకి టాల్బర్ట్ వెనక్కి జరుగుతాడు.

గెలిచింది!

కాదు.

టాల్బర్ట్ మెల్లిగా సంకెళ్ళు బయటికి తీస్తున్నాడు.

"పంట లేదు. చేతిలో డబ్బు లేదు. చెయ్యడానికి పని లేదు. అంటే వీడు దేశదిమ్మరి! పనిలేకుండా తిరగడం నేరమేనే, పిచ్చిదానా. నా పని ఇంకా తేలిక చేశావు!"



జీక్ చేతులు ముందుకి చాపుతున్నాడు! పొద్దంతా దారి ఇచ్చిన మనిషి… ఇప్పుడు చేతులూ ఇచ్చేస్తున్నాడు!

"ఇవ్వకయ్యా! పొగలోకి పరిగెత్తు!"

జీక్ ఒక్క క్షణం ఆమెని చూస్తాడు. పాపని చూస్తాడు.

దూకాడు!

టాల్బర్ట్ తుపాకి ఎత్తుతున్నాడు. పాపని ఒంటిచేత్తో అదుముకుని, ఆమె అతని మోచేతికి వేలాడుతుంది.

ఢాం!

పాప గుక్కపట్టింది. ఎటు చూసినా నల్లటి పొగ. ఆర్డెల్లా ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది.

పొగ అవతల… పరిగెడుతున్న జీక్ అడుగుల చప్పుడు.

ఆగడం లేదు!