సారమ్మ అందించిన పాట

జూలూరుపాడులో జోయెల్‌కు పెళ్లి వీడియోల దుకాణం ఉండేది. రెండువేల ఏడులో అతనికి షార్ట్ ఫిల్ము పిచ్చి పట్టింది. అప్పగింతల ఏడుపులు తీసితీసి విసుగెత్తిన మనిషి, ఒక్కటైనా తనదనిపించేది తీయాలనుకోవడంలో తప్పేం లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

కథ ఇంటి వెనకాలే దొరికింది. వెనకింటి ఇన్నయ్య తాతకు రెండేళ్లుగా మతిమరుపు. కన్నకొడుకును పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అనేవాడు. కానీ భార్య సారమ్మ పాట అందిస్తే మాత్రం అందుకునేవాడు. ఆ ఊరి చర్చిలో చదువు రానివాళ్లే ఎక్కువ గనుక, ఒకరు చరణం అందిస్తే మిగిలినవాళ్లు అందుకుని పాడతారు. సారమ్మ నలభై ఏళ్లు అలా అందించింది. "ఏరు దాటి వచ్చితిని, ఎవరున్నారు?" అని ఆమె అంటే, "నేనున్నాను, చెయ్యి అందుకో" అని తాత పాడేవాడు. ఆ కాసేపు అతనికి అన్నీ గుర్తుకొచ్చేవి. పెళ్లాం పేరు, ఎప్పుడో అమ్మేసిన ఎద్దుల పేర్లతో సహా.

మార్చిలో, ఇప్పపువ్వు ఆరబోసిన వాకిట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి జోయెల్ ఒక టేపు నిండా తీశాడు. కెమెరా సర్దుకుంటుంటే సారమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేను పోతే ఈయనకు పాట ఎవరు అందిస్తరు బిడ్డా? గిది జర పదిలంగ ఉంచు. రోజూ ఇనిపియ్యి."

"అట్లనే అవ్వా. నాది పూచీ."

మే నెలలో సత్తుపల్లి పెళ్లిలో టేపులు అయిపోయాయి. సంచిలో చేతికి తగిలినదాన్ని కెమెరాలో తోశాడు. దానిమీద పేరు లేదు. రాద్దాంలే అనుకుని రాయనివాడు తనే. సారమ్మ పాట చెరిగిపోయి, దానిమీద బ్యాండుమేళం ఎక్కి కూర్చుంది. జూన్‌లో సారమ్మ చనిపోయింది.

నిజం చెప్పడానికి జోయెల్‌కు నోరు రాలేదు. భార్య తబిత చేత ముసలి గొంతుతో పాడించి, క్యాసెట్‌లో తాతకు వినిపించాడు. తాత అందుకోలేదు. "ఎవరామె?" అని అడిగి గోడవైపు తిరిగాడు. ఆ రోజు నుంచి అన్నం మానేశాడు. చూసినవాళ్లంతా ఇక ఎన్నాళ్లో ఉండడన్నారు.

జూలైలో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉంది. జోయెల్ షట్టర్ దించుకుని ఆ పెళ్లి టేపు పెట్టాడు. చివర్లో ఒక ముక్కైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. అంతలో కరెంటు పోయింది. చీకట్లో షట్టర్ మీద వాన చప్పుడు, చెమ్మగిల్లిన గోడల వాసన. అందులోంచి మెల్లగా ఇంకో వాసన... తియ్యగా, మగ్గినట్టు. ఇప్పపువ్వు. అది రాలే కాలం పోయి మూడు నెలలైంది.

బ్యాండు వినిపించింది. ఆరిపోయిన టీవీలోంచి... ఆ మోత కింద, అదిమిపెట్టినట్టున్న ఒక గొంతు.

"ఏరు దాటి వచ్చితిని... ఎవరున్నారు?"

ఆగింది. చర్చిలో ఆగినట్టే, అందుకునేవాళ్ల కోసం.

వాన చప్పుడు లేదు. బ్యాండు లేదు. గొంతు మళ్లీ అడిగింది. ఈసారి టీవీలోంచి కాదు. కుర్చీ వెనకనుంచి...

"ఎవరున్నారు?"

భుజం మీద తడి చెయ్యి ఆనింది. 'తప్పైందవ్వా' అందామనుకున్నాడు. నోట్లోంచి పాట వచ్చింది.

"నేనున్నాను... చెయ్యి అందుకో."

చెయ్యి తొలగింది. జోయెల్ షట్టర్ ఎత్తి వానలో పరుగెత్తాడు. ఇవాళ చెప్పేయాలి, తాత కొట్టినా సరే.

ఇన్నయ్య తాత వసారాలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"తాతా, అవ్వ టేపు నేనే ఖరాబు చేసిన. నీకు వినిపించింది అవ్వ గొంతు కాదు."

తాత తలెత్తి సూటిగా చూశాడు. సారమ్మ పోయాక అతను ఎవరినీ అలా చూడలేదు.

"జోయెల్‌వి కదరా నువ్వు? అవ్వ ఇందాకనే వచ్చి పోయింది. పాట అందియ్యమంటే ఇయ్యలే. నీ బదులు ఇంకొకరు అందుకున్నరు, నీకు ఇగ అక్కర్లే అన్నది."

జోయెల్ భుజం మీదనుంచి తాత ఏదో తీసి పక్కన పెట్టాడు. ఇప్పపువ్వు. అంత వానలోనూ అది తడవలేదు.

"గింత వానల వచ్చినవేంది? తబిత పంపిందా?"

జోయెల్ చాలాసేపు ఆలోచించాడు. ఆ పేరు ఎక్కడో విన్నట్టే ఉంది.

"తబిత ఎవరు తాతా?" అన్నాడు.