ఏడో మడి

ఏడో మడిలో నారు చలికి మళ్లీ నల్లబడింది. పక్క మడులు పచ్చగానే ఉన్నాయి.

"రాత్రంతా మట్టి వెచ్చగా ఉందట!" డాక్టర్ మృదుల స్క్రీన్ చూసి విసుక్కుంది. "సెన్సర్ మార్చాలి."

"నిన్ననే కదమ్మా మార్చారు," అన్నాడు జోగులు. మడులకు మట్టి మోసే ముసలాయన అతను.

ఆకాశాన్ని బూడిద కమ్మాక ఆ కొండ ఊళ్లో పంటకాలం రెండు నెలలకు కుంచించుకుపోయింది. అందుకే మృదుల ఈ ఎత్తు మడులు కట్టించింది. నడుమెత్తు చెక్కపెట్టె. అడుగున పేడ, ఆకుచెత్త. వాటిని తింటూ వేడి పుట్టించే బాక్టీరియా. పైన మట్టి. మట్టి చల్లబడితే పైపొరలోని సెన్సర్ పంపు తిప్పి బాక్టీరియాకు గాలి అందిస్తుంది. వేడెక్కితే ఆపేస్తుంది. ఊరికి మిగిలిన తిండిగింజ చోడి, అంటే రాగి, ఒక్కటే. ఆ విత్తనమంతా ఈ మడుల్లోనే ఉంది.

మృదుల వంగి చూసింది. నారు మధ్య చిన్న గుంట. సాంబ్రాణి వాసన.

"ఇక్కడెవరు పడుకున్నారు?"

జోగులు తలపాగా సర్దుకున్నాడు. "మా మనవరాలి కూతురమ్మా. పసిగుడ్డు. బాలింత మంచం కింద కుంపటి ఉండాలి కదా. బొగ్గులేవీ? అడవంతా ఎప్పుడో కొట్టేసుకున్నాం."

"పాప ఒంటి వేడిని మట్టి వేడనుకుని మిషన్ పంపు ఆపేసింది. కింద మట్టి మంచుగడ్డ, తాతా!"

"అందుకా ఆ ఏడుపు! కడుపునొప్పనుకుని వాము నీళ్లు పట్టాం." అతను పంపు వైపు చూపించాడు. "ఆగకుండా చెయ్యండి."

"చేస్తే నారు వేళ్లు ఉడికిపోతాయి. ఊరేం తింటుంది?"

"అయితే పిల్లని చలిలోకి తీసుకుపొమ్మనండి. మీ నోటితో చెప్పండి, పోతాను."

మృదుల కత్తెర తీసింది. ఒక్క మడే కదా అనుకుని సెన్సర్ వైరు కత్తిరించింది. ఇక ఆ పంపు ఆగదు.

సాయంత్రానికి ఇంకో తల్లి వచ్చింది. "జోగులు ముద్దుల పిల్లకేనా చలి? మా వాడు రాయా?"

వారం తిరిగేసరికి ప్రతి మడి వైరూ తెగింది, ప్రతి మడి మీదా ఒక దుప్పటి. పసిపిల్లలు, దగ్గే ముసలమ్మలు. ఆ చలికి ఊళ్లో ఎవరూ పోలేదు.

పాపకు ఆరో నెలలో జోగులు మునిమనవరాలిని చంకనెత్తుకుని మృదుల గుమ్మంలో నిలబడ్డాడు. పాపకు కొత్త చొక్కా, బుగ్గన చుక్క.

"ఇవాళ అన్నం ముట్టించాలమ్మా. గుప్పెడు చోళ్లు..."

ఇద్దరూ ఒక్క మొలకా మిగలని మడుల వైపు చూశారు.

పాప నోరు తెరిచింది.